పేరు కంపెనీది, పరుగు జట్టుది

2025 జులైలో మైక్రోసాఫ్ట్ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 9,000 మందిని ఉద్యోగాల్లోంచి తీసేసింది. ఆ వేటు పడిన చోట్లలో రెడ్మండ్‌లోని టర్న్ 10 స్టూడియో ఒకటి. 'ఫోర్జా మోటార్‌స్పోర్ట్' పుట్టి పెరిగింది అక్కడే. సిబ్బందిలో సగానికి దగ్గరగా పోయారని పత్రికలు రాశాయి. 2023లో వచ్చిన ఫోర్జా మోటార్‌స్పోర్ట్‌కు ఇక కొత్త కార్లు, కొత్త ట్రాకులు రావని ఆ తర్వాత తేలిపోయింది. 2005 నుంచి నడుస్తున్న సిరీస్ అది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఆటగాళ్ల మధ్య ఒకే వాదన లేస్తుంది. ఫలానా డైరెక్టర్ వెళ్లిపోయినప్పుడే సిరీస్ పని అయిపోయిందంటారు కొందరు. పాపమంతా పైనున్న పబ్లిషర్ పెద్దలదేనంటారు ఇంకొందరు. కొత్తవాళ్లు వస్తేనే కదా కొత్త ఆలోచన వచ్చేది అని మరికొందరు. అందరి దగ్గరా ఉదాహరణలున్నాయి, అన్నీ నిజమైనవే. అందుకే ఒక్క గేమ్‌ను పట్టుకుని తీర్పు చెప్పకుండా, ముప్ఫై ఏళ్ల చరిత్రను పక్కపక్కన పరిచి చూడాల్సిన ప్రశ్న ఇది.

ఆ పరిశీలనకు రేసింగ్ గేములు బాగా అనువైనవి. సాహసగాథలో దర్శకుడు మారితే కథ మారుతుంది, పాత్రలు మారతాయి, దేనివల్ల ఏం చెడిందో విడదీసి చెప్పడం కష్టం. ఇక్కడ కారు, రోడ్డు, వేగం ఎప్పుడూ ఉండేవే. మారేదల్లా వాటి మధ్య సంబంధం. స్టీరింగ్ తిప్పాక కారు ముక్కు ఎంత ఆలస్యంగా లోపలికి తిరగాలి, వెనుక చక్రాలు ఏ వేగం దగ్గర పట్టు వదలాలి, వదిలాక ఎంతసేపట్లో మళ్లీ పట్టు దొరకాలి, బ్రేక్ నొక్కినప్పుడు కెమెరా ఎంత కిందికి వంగాలి... ఆటగాళ్లు 'హ్యాండ్లింగ్' అని ఒక్క మాటలో తేల్చేసేదాని వెనుక ఇలాంటి లెక్కలు వందలుంటాయి. ఆ అంకెలన్నీ కంప్యూటర్లో భద్రంగానే ఉంటాయి. ఆ అంకె అంతే ఎందుకుండాలి, కాస్త పెంచినప్పుడు ఏం చెడింది అన్నది మాత్రం వాటిని దిద్దుతూ ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్ల బుర్రల్లో ఉంటుంది. పగ్గాలు చేతులు మారేటప్పుడు మొట్టమొదట జారిపోయేది అదే.

అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం 'నీడ్ ఫర్ స్పీడ్'. దాని వేర్లు కెనడాలోని వాంకూవర్ ప్రాంతంలో ఉన్నాయి. డాన్ మాట్రిక్ కుర్రతనంలోనే మొదలుపెట్టిన డిస్టింక్టివ్ సాఫ్ట్‌వేర్ 1987లో 'టెస్ట్ డ్రైవ్' చేసింది. 1991లో ఆ కంపెనీని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ (ఈఏ) కొనుక్కుంది. అలా ఏర్పడిన ఈఏ కెనడా నుంచే 1994లో మొదటి నీడ్ ఫర్ స్పీడ్ వచ్చింది. ఖరీదైన కారు, పర్వతాల దారి, వెనుక పోలీసులు అన్న ఊహ ఒక సిరీస్ నుంచి ఇంకో సిరీస్‌కు మనుషులతోపాటు నడిచొచ్చిందన్నమాట. టెస్ట్ డ్రైవ్ అన్న పేరు మాత్రం వేరే కంపెనీ దగ్గరే ఉండిపోయింది.

2002లో వచ్చిన 'హాట్ పర్స్యూట్ 2' దగ్గర ఒక్కసారి ఆగాలి. అలాంటి పోలిక ఈ రంగంలో మళ్లీ దొరకదు. ప్లేస్టేషన్ 2కు ఆ గేమ్‌ను వాంకూవర్‌లోని బ్లాక్ బాక్స్ చేసింది. పీసీకి, ఎక్స్‌బాక్స్‌కు, గేమ్‌క్యూబ్‌కు ఈఏ సియాటెల్ చేసింది. అట్ట మీద పేరు ఒకటే, విడుదలైన ఏడాది ఒకటే, చేసిన జట్లు వేరు. విమర్శకులు బ్లాక్ బాక్స్ చేసినదాన్ని మెచ్చుకున్నారు, రెండోదాన్ని అంతంతమాత్రంగా చూశారు. అదే ఏడాది ఈఏ బ్లాక్ బాక్స్‌ను కొనేసి సిరీస్ మొత్తాన్ని దాని చేతిలో పెట్టింది. 2003లో 'అండర్‌గ్రౌండ్' వచ్చింది. పోలీసులను తీసేశారు, పగటిని తీసేశారు, ఎండలో మెరిసే సూపర్‌కార్ల బదులు రాత్రి నగరంలో నియాన్ లైట్లు బిగించుకున్న మామూలు కార్లు తెచ్చారు. 2001 నాటి 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' సినిమా గాలి ఎటు వీస్తోందో వాళ్లు సరిగ్గా పట్టుకున్నారు. 2005లో 'మోస్ట్ వాంటెడ్' పోలీసులను వెనక్కి తెచ్చింది. పదిహేను మంది రేసర్ల బ్లాక్‌లిస్ట్, పైన రేజర్, అతను కాజేసిన నీలం-వెండి రంగుల బీఎండబ్ల్యూ ఎం3 జీటీఆర్. హైదరాబాద్‌లో, విజయవాడలో నెట్ సెంటర్ల కీబోర్డు మీద బాణం మీటలు అరిగేలా ఆడిన తరానికి రేసింగ్ గేమ్ అంటే ఇప్పటికీ అదే. పగ్గాలు మారడం సిరీస్‌కు ఎంత మేలు చేయగలదో చెప్పడానికి ఈ నాలుగేళ్లు చాలు.

మరి అదే బ్లాక్ బాక్స్ మూడేళ్లలో ఎందుకు జారిపోయింది? 2006లో 'కార్బన్', 2007లో 'ప్రోస్ట్రీట్', 2008లో 'అండర్‌కవర్'. ఏటా ఒకటి, అదీ ఒకే స్టూడియో నుంచి. ప్రోస్ట్రీట్‌లో పోలీసులు లేరు, స్వేచ్ఛగా తిరగడానికి నగరం లేదు. అండర్‌కవర్‌లో మళ్లీ అన్నీ వచ్చాయి, ఏదీ పూర్తిగా ఉడకలేదు. స్టూడియోలో జట్టు దాదాపు అదే, పేరు అదే. లేనిది వ్యవధి. 2007లో ఈఏ అధిపతిగా తిరిగొచ్చిన జాన్ రిచిటెల్లో, ఒకే స్టూడియోను ఏటా పరుగెత్తించడం కంపెనీ చేసిన తప్పేనని బహిరంగంగానే ఒప్పుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. బ్లాక్ బాక్స్ వాంకూవర్ కార్యాలయాన్ని మూసి, ఉన్నవాళ్లను బర్నబీలోని ఈఏ కెనడాలో కలిపేస్తామని 2008 చివర్లో ప్రకటించారు. 2011లో 'ది రన్' ఆ స్టూడియోకు ఆఖరి నీడ్ ఫర్ స్పీడ్ అయింది.

డైరెక్టర్ మారడం అందరికీ కనిపిస్తుంది. గడువును నిర్ణయించేవాడు మారడం బయటికి కనిపించదు, దెబ్బ మాత్రం అక్కడే ఎక్కువ. ఆటగాళ్లు తిట్టుకునే డైరెక్టర్లలో చాలామంది తమ చేతిలో లేని క్యాలెండర్‌కు జవాబుదారులు.

2010లో కథ మళ్లీ మలుపు తిరిగింది. ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్‌లో ఉన్న క్రైటీరియన్‌ను ఈఏ 2004లోనే కొనుక్కుంది. ఫియోనా స్పెరీ, అలెక్స్ వార్డ్ నాయకత్వంలో 'బర్నౌట్' సిరీస్ చేసిన జట్టది. గుద్దుకోవడాన్నే పండగ చేసిన గేములవి. నీడ్ ఫర్ స్పీడ్‌తో అంతకుముందు ఏ సంబంధమూ లేని ఆ జట్టు చేసిన 'హాట్ పర్స్యూట్' సిరీస్‌లోని మేలిరకం వాటిలో ఒకటిగా నిలిచింది. బ్రేక్ తట్టి వదిలితే కారు అడ్డంగా జారుతుంది, జారుతున్నంతసేపూ నైట్రస్ నిండుతుంది, నిండింది ఖర్చుపెట్టి ఇంకో మలుపులోకి దూరాలి. ఒక మలుపు ఇచ్చిన బలంతో ఇంకో మలుపు తీసుకోవడం అన్న ఆ లయ బర్నౌట్ ఆడినవాళ్లకు చేతికి తెలిసిందే. దానికి 'ఆటోలాగ్' తోడైంది. మీ స్నేహితుడు మీకన్నా అర సెకను ముందు రేసు పూర్తి చేశాడని గేమ్ తెరిచిన వెంటనే చెప్పేది. రెండేళ్ల తర్వాత అదే జట్టు చేసిన 'మోస్ట్ వాంటెడ్'లో నగరంలో ఎక్కడ కారు ఆగి ఉన్నా ఎక్కి తోలుకుపోవచ్చు. పాత మోస్ట్ వాంటెడ్‌ను గుండెల్లో పెట్టుకున్నవాళ్లు దాన్ని ఒప్పుకోలేదు. ఆ పేరు పెట్టకుండా ఉండాల్సిందని నాకూ అనిపిస్తుంది. గేమ్‌గా మాత్రం గట్టిది.

పూర్తిగా బయటివాళ్లు వచ్చి సిరీస్‌ను నిలబెట్టారంటే, పగ్గాలు మారితే ప్రమాదమేనన్న వాదన నిలవదు. ఇక్కడ గమనించాల్సింది వచ్చిన పద్ధతి. క్రైటీరియన్ తన నాయకులతో, తన ప్రోగ్రామర్లతో, తన ఇంజిన్‌తో, పదేళ్లు కలిసి చేసిన అలవాటుతో మొత్తంగా వచ్చింది. మన సురభి నాటక సమాజాల్లో ప్రధాన పాత్ర ఒక తరం నుంచి ఇంకో తరానికి పోతుంది, ఊరూ మారుతుంది, కానీ తెర లాగే చేయి, హార్మోనియం చేయి, వేషగాడి కంటి సైగ ఒకదానికొకటి అలవాటుపడి ఉంటాయి కనుక నాటకం ఆగదు. గేమ్ స్టూడియోలోనూ అంతే. నాయకుడు ఒక్కడే మారితే జట్టు కాపాడుతుంది. జట్టే మారితే, తనతో తెచ్చుకున్న పొందిక దాన్ని కాపాడుతుంది. రెండూ ఒకేసారి విరిగితే ఏమవుతుందో ఆ తర్వాతి పదేళ్లు చూపించాయి.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 2011లో ఈఏ ఒక స్టూడియో పెట్టి, తర్వాత దానికి ఘోస్ట్ గేమ్స్ అని పేరు పెట్టింది. డైస్ స్టూడియో నుంచి వచ్చిన మార్కస్ నిల్సన్ దానికి సారథి. సిరీస్ మొత్తాన్ని ఇకపై అదే చూసుకోవాలన్నారు. 2013లో క్రైటీరియన్ ఉద్యోగుల్లో ఎక్కువమందిని బ్రిటన్‌లోని ఘోస్ట్ విభాగానికి మార్చేశారు, పాత స్టూడియోలో ఇరవై మంది కూడా మిగల్లేదు. 2014 మొదట్లో స్పెరీ, వార్డ్ ఇద్దరూ ఈఏ వదిలి వెళ్లి త్రీ ఫీల్డ్స్ ఎంటర్‌టైన్‌మెంట్ పెట్టుకున్నారు. అంటే ఏడాదిలోపే స్టూడియో మారింది, నాయకులు మారారు, జట్టు రెండు దేశాల మధ్య చీలింది. ఇంజిన్ కూడా మారింది. యుద్ధం గేములకు డైస్ తయారుచేసిన ఫ్రాస్ట్‌బైట్‌తోనే కార్ల గేములూ చేయాల్సి వచ్చింది.

2013 నాటి 'రైవల్స్' పీసీలో ఎలా నడిచిందో చూస్తే ఆ అతుకు కళ్లకు కడుతుంది. గేమ్‌ను సెకనుకు 30 ఫ్రేములకు బిగించేశారు. ఆ బిగింపును సెట్టింగుల దారిలో వదులు చేసి 60 ఫ్రేములు తెచ్చుకుందామనుకున్నవాళ్లకు, దాంతోపాటే ఉండే ఇంకో అంకెను కూడా మార్చకపోతే, కారు రెట్టింపు వేగంతో పరుగెత్తేది. పోలీసులు, ట్రాఫిక్, గడియారం అన్నీ రెట్టింపే. బొమ్మ గీసే వేగానికీ ప్రపంచం నడిచే వేగానికీ ముడిపెట్టేశారు. వేగమే ప్రాణమైన సిరీస్‌లో ఇలాంటి పొరపాటు తెలివి తక్కువై జరిగింది కాదు. కొత్త ఇంజిన్, కొత్త జట్టు, కొత్త కన్సోళ్ల విడుదల తేదీ మూడూ ఒకేచోట గుమిగూడినప్పుడు దేన్ని దిద్దుకోవడానికీ వ్యవధి చిక్కదు.

తర్వాత ఒక ఏడాది గేమే రాలేదు. 2015లో వచ్చినది ఎప్పుడూ ఇంటర్నెట్ ఉంటేనే తెరుచుకునేది. 2017 నాటి 'పేబ్యాక్'లో కారు బాగుపడాలంటే స్పీడ్ కార్డులు సంపాదించాలి, అవి ఎలాంటివి వస్తాయన్నది అదృష్టం. గొడవ రేగి ఆ పద్ధతిని సడలించాల్సి వచ్చింది. 2019 నాటి 'హీట్' దగ్గరికి వచ్చేసరికి ఘోస్ట్‌కు సిరీస్ అంతు చిక్కింది. పగలు అనుమతితో జరిగే రేసులు, డబ్బు సంపాదన. రాత్రి దొంగ రేసులు, పేరు సంపాదన, వెంటపడే కర్కశమైన పోలీసులు. పట్టుబడితే రాత్రంతా కూడబెట్టిన పేరులో చాలా భాగం పోతుంది, అందుకే తెల్లవారేలోపు గ్యారేజీకి చేరాలన్న ఆత్రం నిజంగా పుడుతుంది. ఏళ్ల తర్వాత అభిమానులు సంతోషించిన గేమ్ అది. మూడు నెలలు తిరిగేసరికి, 2020 ఫిబ్రవరిలో, సిరీస్ మళ్లీ క్రైటీరియన్‌కు పోతుందని, ఘోస్ట్ ఇక సాంకేతిక సహాయం చేసే విభాగంగా మిగులుతుందని ఈఏ ప్రకటించింది. నీడ్ ఫర్ స్పీడ్ చరిత్రలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టే నిర్ణయం ఇదే. జట్టు తప్పులు చేసి, దెబ్బలు తిని, పని నేర్చుకున్నాక దాని చేతిలోంచి పని లాగేసుకున్నారు.

2022 డిసెంబర్‌లో క్రైటీరియన్ చేసిన 'అన్‌బౌండ్' వచ్చింది. కారు చక్రాల పొగకు బొమ్మల పుస్తకపు గీతలు అద్దిన అందమైన గేమ్. అది బయటికి వచ్చిన రోజుల్లోనే స్టూడియో సారథి మాట్ వెబ్‌స్టర్‌తో సహా కొందరు సీనియర్లు బయటికి నడిచారు. 2023లో క్రైటీరియన్‌లో ఎక్కువమందిని 'బ్యాటిల్‌ఫీల్డ్' పనికి మళ్లించారు. బయటికి వెళ్లిన ఆ సీనియర్లు ఫ్యూజ్ గేమ్స్ పెట్టి, 2025 చివర్లో 'స్టార్ వార్స్: గెలాక్టిక్ రేసర్' ప్రకటించారు. రేసింగ్ చేయి అక్కడికి పోయింది, నీడ్ ఫర్ స్పీడ్ అన్న పేరు ఈఏ బీరువాలో ఉంది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడేది 'గ్రాన్ టురిస్మో'. 1997 డిసెంబర్‌లో జపాన్‌లో మొదటిది విడుదలైననాటి నుంచి ఈ రోజుదాకా దాని సారథి కజునోరి యమౌచి ఒక్కడే. చిన్న జట్టు ఐదేళ్లు శ్రమించి చేసిన ఆ గేమ్ మొత్తం మీద కోటికి పైగా అమ్ముడైంది. 1998లో ఆ జట్టు పాలిఫనీ డిజిటల్ అన్న ప్రత్యేక స్టూడియోగా సోనీ గొడుగు కిందే ఏర్పడింది. యమౌచి స్వయంగా రేసర్, నుర్బుర్గ్‌రింగ్ 24 గంటల పందెంలో పాల్గొన్నవాడు. నిస్సాన్ జీటీ-ఆర్ కారులో డ్రైవర్ ఎదుట ఉండే సమాచారపు తెరను రూపొందించింది కూడా పాలిఫనీయే. ఒక మనిషి ఇష్టం ఇన్నేళ్లు చెక్కుచెదరకుండా ఒక సిరీస్‌లో ప్రవహించడం పెద్ద విషయం. లైసెన్సు పరీక్షలు, వాడిన కార్ల దుకాణం, కారును వస్తువుగా కాక చరిత్రగా చూసే చూపు మొదటి గేమ్‌లోనే ఉన్నాయి, 2022 నాటి ఏడోదానిలోనూ ఉన్నాయి. ఏడోదానిలో కెఫేలో కూర్చోబెట్టి ఒక్కో కారు పుట్టుక గురించి చెప్పించడం మరో స్టూడియో పెద్దకు తట్టే పని కాదు, తట్టినా పైవాళ్లు ఒప్పుకోరు.

నాయకుడు మారకపోతే లోపాలు కూడా మారవు, అది ఈ నాణేనికి వెనుక వైపు. ఎదుటి కార్లు గూడ్సు బండి పెట్టెల్లా వరసగా, మీరు ఉన్నారన్న స్పృహ లేకుండా పోతుంటాయన్న ఫిర్యాదు రెండు దశాబ్దాలు నడిచింది. సోనీ కృత్రిమ మేధ విభాగం వాళ్లు 'సోఫీ' తెచ్చేదాకా, అంటే 2023 దాకా, దానికి చెప్పుకోదగ్గ జవాబు రాలేదు. ఐదో గేమ్ వాయిదాల మీద వాయిదాలు పడి 2010 నవంబర్‌లో వచ్చినప్పుడు వెయ్యికి పైగా కార్లుండగా, వాటిలో 800 దాకా ప్లేస్టేషన్ 2 కాలం నాటి నమూనాలే. కొత్తగా చేసిన 200 కార్ల లోపలి కుట్టు దారం కూడా లెక్కపెట్టొచ్చు, పక్కన నిలబడ్డ పాత కారుకు లోపలి భాగమే ఉండదు. మరో స్టూడియోలో అయితే ఎవరో ఒకరు ఈ 800 తీసేద్దామని పట్టుబట్టేవారు. ఆరోది 2013 డిసెంబర్‌లో, ప్లేస్టేషన్ 4 బజారులోకి వచ్చేశాక, పాత ప్లేస్టేషన్ 3కు విడుదల చేశారు. 2022 మార్చిలో ఒక అప్‌డేట్ వల్ల ఏడో గేమ్ ముప్ఫై గంటలకు పైగా మూతపడింది, అదే అప్‌డేట్‌లో రేసులకిచ్చే క్రెడిట్లు తగ్గించారని ఆటగాళ్లు మండిపడ్డారు. యమౌచి తన పేరు మీదే క్షమాపణ రాశాడు, పది లక్షల క్రెడిట్లు పంచారు, బహుమతులు పెంచారు. తప్పు జరిగితే ముందుకొచ్చి నిలబడే మనిషి ఫలానా అని తెలిసిన సిరీస్ ఇప్పుడు ఇదొక్కటే అనుకుంటాను. ఇరవయ్యేళ్లలో సోనీ అధిపతులు ఎందరు మారినా ఆ మనిషి గడువుల జోలికి పెద్దగా పోలేదు. యమౌచి స్థిరత్వంలో సగం సోనీ ఓపిక. 1967లో పుట్టిన ఆయన తర్వాత ఏమిటన్నది ఆ సిరీస్ ఎప్పుడూ ఎదుర్కోని పరీక్ష.

కోడ్‌మాస్టర్స్ ర్యాలీ గేములది వేరే దారి. 1998 నాటి 'కాలిన్ మెక్రే ర్యాలీ' నుంచి ఇంగ్లండ్‌లోని ఆ కంపెనీ ర్యాలీకి ఇల్లు. 2007లో సిరీస్ 'డర్ట్' పేరు తీసుకుంది, అదే ఏడాది మెక్రే హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయాడు. 2010లో అనిల్ అంబానీ గ్రూపులోని రిలయన్స్ బిగ్ ఎంటర్‌టైన్‌మెంట్ కోడ్‌మాస్టర్స్‌లో సగం వాటా కొనుక్కుంది. బ్రిటన్ రేసింగ్ గేములకు భారతీయ యజమాని అన్నమాట అప్పట్లో మనకు గర్వంగానే ఉండేది. ఆ రోజుల్లోనే సిరీస్ ర్యాలీని వదిలి విన్యాసాల వైపు, 2012 నాటి 'షోడౌన్'లో గుద్దులాటల వైపు పోయింది. అదంతా మార్కెట్ లెక్క.

అక్కడి నుంచి వెనక్కి తెచ్చింది లోపలి చిన్న జట్టు. 2015 ఏప్రిల్‌లో 'డర్ట్ ర్యాలీ' ముందస్తు హడావిడి ఏమీ లేకుండా, ఇంకా పూర్తికాని స్థితిలోనే అమ్మకానికి పెట్టారు. ముఖ్య డిజైనర్ పాల్ కోల్‌మన్. చీకట్లో వేల్స్ అడవి దారి మీద, కారు పక్క సీట్లోంచి 'ఎడమ నాలుగు, ముందుకెళ్లాక మూడుకు బిగుస్తుంది, లోపలికి కోయొద్దు' అన్న తరహాలో వినపడే కో-డ్రైవర్ గొంతు కూడా ఆయనదే. అంకె తగ్గేకొద్దీ మలుపు బిగువు. ఆ మాట ఒక్క క్షణం ఆలస్యమైతే చెట్టును గుద్దుతాం, ఒక్క క్షణం ముందొస్తే మరిచిపోతాం. ఎప్పుడు చెప్పాలో తెలియాలంటే ఆ సీట్లో కూర్చున్న అనుభవం కావాలి, కోల్‌మన్‌కు నిజమైన ర్యాలీల్లో అది ఉంది. నాయకత్వం గేమ్‌లోకి ఎలా దిగుతుందని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ గొంతునే.

2021 ఫిబ్రవరిలో ఈఏ దాదాపు 120 కోట్ల డాలర్లకు కోడ్‌మాస్టర్స్‌ను సొంతం చేసుకుంది. కొద్ది నెలల్లోనే అధిపతి ఫ్రాంక్ సాన్యే తప్పుకున్నాడు. 2023 నవంబర్‌లో ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ లైసెన్సుతో 'డబ్ల్యూఆర్‌సీ' వచ్చింది. పొడవాటి స్టేజీల కోసం సొంత ఇంజిన్ ఈగోను పక్కనపెట్టి అన్‌రియల్‌కు మారారు. కారు నడక అద్భుతం, చిత్రం మాత్రం మధ్యలో తడబడేది. 2025 వసంతంలో ఈఏ ఉద్యోగాల కోత మధ్య డబ్ల్యూఆర్‌సీ దారి ఇక్కడితో ముగిసిందని, ర్యాలీ గేములకు విరామమని చెప్పేశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో 5,500 కోట్ల డాలర్లకు ఈఏనే సౌదీ ప్రభుత్వ నిధి తదితరులు కొనే ఒప్పందం ప్రకటించారు. నీడ్ ఫర్ స్పీడ్, ర్యాలీ, ఎఫ్1, బర్నౌట్, గ్రిడ్... పాశ్చాత్య రేసింగ్ పేర్లలో సగం ఒకే తాళంగుత్తిలో ఉండగా, ఆ గుత్తే చేతులు మారే పరిస్థితి.

పేర్లు అలా పోగుపడుతుంటే మనుషులు ఎటు పోతున్నారన్నది వేరే కథ. లివర్‌పూల్‌లో బిజార్ క్రియేషన్స్ మైక్రోసాఫ్ట్ కోసం 'ప్రాజెక్ట్ గాథమ్ రేసింగ్' చేసేది. 2007లో దాన్ని యాక్టివిజన్ కొంది, 2011లో మూసేసింది. గాథమ్ పేరు మైక్రోసాఫ్ట్ దగ్గరే మిగిలింది, చేసే చేతులు లేక ఆ సిరీస్ మళ్లీ రాలేదు. కోడ్‌మాస్టర్స్ నుంచి వచ్చినవాళ్లు లెమింగ్టన్ స్పాలో పెట్టిన ప్లేగ్రౌండ్ గేమ్స్‌కు బిజార్ మనుషులు కొందరు బలమయ్యారు. 'డ్రైవ్‌క్లబ్' చేసిన ఎవల్యూషన్ స్టూడియోను సోనీ 2016లో మూస్తే ఆ జట్టును కోడ్‌మాస్టర్స్ చేర్చుకుంది, ఆ జట్టే తర్వాత 'డర్ట్ 5' చేసింది, ఆపైన అన్‌బౌండ్‌లో క్రైటీరియన్‌కు తోడు నిలిచింది.

ఇక మొదటి ప్రశ్న, ఫోర్జా. డాన్ గ్రీనవాల్ట్ ఊహతో మొదలైన మోటార్‌స్పోర్ట్ 2005 నుంచి 2017 దాకా సుమారు రెండేళ్లకొకటి చొప్పున వచ్చింది. 2012లో ప్లేగ్రౌండ్ చేతికిచ్చిన 'హొరైజన్' పండగ వాతావరణంతో, తెరిచిన దేశంతో కొద్ది కాలంలోనే అన్నను మించిపోయింది. మైక్రోసాఫ్ట్ ఇక్కడ చేసిన మంచి పని ఒకటుంది. కొత్త సారథులకు పాత సిరీస్ అప్పగించి పాతవాళ్లను తప్పించకుండా, రెండు జట్లను పక్కపక్కన నడిపింది. కార్ల నమూనాలు, ఫోర్జాటెక్ ఇంజిన్ టర్న్ 10వి, ప్రపంచం ప్లేగ్రౌండ్‌ది. పదేళ్లు అది చక్కగా సాగింది.

తర్వాత రెండు చోట్లా మార్పులొచ్చాయి. 2022లో ప్లేగ్రౌండ్ స్థాపకుల్లో ఒకరైన గావిన్ రేబర్న్, 'హొరైజన్ 5' క్రియేటివ్ డైరెక్టర్ మైక్ బ్రౌన్ బయటికి పోయి వేర్వేరు స్టూడియోలు పెట్టుకున్నారు. టర్న్ 10 పెద్ద అలన్ హార్ట్‌మన్‌ను 2023 అక్టోబర్‌లో ఎక్స్‌బాక్స్ గేమ్ స్టూడియోలన్నిటికీ అధిపతిని చేశారు. ఆరేళ్ల విరామం తర్వాత వచ్చిన మోటార్‌స్పోర్ట్ విడుదలైన నెల కూడా అదే. ఏడాది తిరిగాక ఆయన పదవీ విరమణ చేశారు. ఆ గేమ్‌లో ఒక్కో కారునూ విడిగా నడిపి లెవెల్ పెంచితే తప్ప భాగాలు బిగించుకోలేని పద్ధతి ఆటగాళ్లను విసిగించింది, దిద్దుకోవడానికి 2024 మార్చి దాకా పట్టింది. దిద్దుబాట్లు ఒక్కొక్కటీ ఫలిస్తున్న వేళ 2025 జులై కోత వచ్చిపడింది. హీట్ తర్వాత ఘోస్ట్‌కు జరిగిందే ఇక్కడా జరిగింది, ఇంకా కఠినంగా.

జపాన్ నేపథ్యంగా 2026కు 'హొరైజన్ 6'ను 2025 సెప్టెంబర్‌లో టోక్యోలో ప్రకటించినప్పుడు దాని గురించి మాట్లాడినవారిలో ఐదో గేమ్ ఆర్ట్ డైరెక్టర్ డాన్ అర్సెటా ఉన్నారు. పైవాళ్లు పోయినా మధ్య వరస నిలబడిందనడానికి అది మంచి గుర్తు. హొరైజన్ విషయంలో నాకు భయం స్థాపకులు వెళ్లిపోయినందుకు కాదు. ఆ గేమ్‌లో కారు నేల మీద నిలబడే తీరంతా ఫోర్జాటెక్ మీద, అంటే రెడ్మండ్‌లో సగానికి తగ్గిన ఆ జట్టు ఇరవయ్యేళ్ల పని మీద ఆధారపడి ఉంది. ఇంజిన్ సిద్ధంగా ఉంది కనుక ఆరోదానిలో ఆ లోటు తెలియకపోవచ్చు. కొత్త కన్సోల్ కోసం టైరు లెక్కలను మొదటి నుంచి తిరగరాయాల్సి వచ్చే రోజున, ఆ అంకె అంతే ఎందుకుందో చెప్పగలిగినవాళ్లు ఎందరు మిగిలారన్నది ఏడోదానిలో తెలుస్తుంది.